మీ టికెట్ క్లోజ్ అయింది అని ఆరోసారి మెయిల్ వచ్చాక రాస్తున్న ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ వాళ్ళకి, ఇది పైదాకా వెళ్తే ఫౌండర్ గారికి కూడా,

నమస్కారం అండి. ఇప్పటికి ఆరు మెయిల్స్ ఇంగ్లీష్‌లో రాసాను, ఒక్కటి కూడా ఎవరూ చివరిదాకా చదివినట్టు లేదు. మీ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది, ప్రశ్న జవాబుల కార్డులతో చదివించే మీ యాప్ గురించి నాకు తెలిసింది కూడా ఫౌండర్ గారు అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళ కోసం పెట్టిన జూమ్ మీటింగ్‌లోనే, అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నా. మీ అప్‌డేట్‌తో నా ఏడు నెలల చదువు లెక్క పోయింది, గొడవంతా దాని గురించే. దయచేసి మొత్తం చదవండి.

నేను టెక్సస్‌లో ఉంటాను, ఇద్దరు పిల్లలు, కమ్యూనిటీ కాలేజీలో చదువుతున్నా. ఇక్కడ గవర్నమెంట్ కాలేజీల్లో ఏ డిగ్రీ చేసినా అమెరికన్ హిస్టరీ 6 క్రెడిట్లు ఉండాల్సిందే. గుంటూరులో బీకాం చేసినదాన్ని, నాకా హిస్టరీ ఎక్కడ తెలుసు. క్లాసుకెళ్ళి కూర్చుందామంటే పిల్లల్ని చూసేవాళ్ళు లేరు, అందుకే క్లెప్ పరీక్ష రాద్దామనుకున్నా, క్లాసుకి వెళ్ళకుండానే పరీక్ష పాసై క్రెడిట్లు తెచ్చుకునేది అది. 90 నిమిషాలు, 120 దాకా ప్రశ్నలు, 20 నుంచి 80 మధ్యలో స్కోరు ఇస్తారు, 50 వస్తే మా కాలేజీ 3 క్రెడిట్లు ఇచ్చేస్తుంది. పాఠాలు మోడర్న్ స్టేట్స్ అనే ఆన్‌లైన్ సైట్‌లో ఫ్రీగా విన్నా, పరీక్ష ఫీజుకి వోచర్ కూడా వాళ్ళే ఇచ్చారు. ఈ చదువు మొత్తంలో నేను నా డబ్బు పెట్టింది మీ యాప్‌కే, రెండేళ్ళుగా, ఇయర్లీ ప్లాన్.

ఏడు నెలలు కూర్చుని 1,140 కార్డులు నేనే తయారు చేసుకున్నా. పొద్దున నాలుగున్నరకి లేచి కొన్ని, స్కూల్ దగ్గర పికప్ లైన్‌లో కార్లో కూర్చుని కొన్ని. 1820 మిస్సోరీ కాంప్రమైజ్, 1850 కాంప్రమైజ్, 1854 కాన్సాస్ నెబ్రాస్కా చట్టం, బానిసత్వం ఎక్కడ ఉండొచ్చు అన్నదాని మీద వచ్చిన ఈ మూడూ నాకు ఎప్పుడూ కలిసిపోయేవి, ఏది దేన్ని రద్దు చేసిందో తిరగేసి చెప్పేదాన్ని. మీ యాప్ ఆ మూడింటినీ రెండ్రోజులకోసారి తెచ్చి ముందు పెట్టేది, బాగా వచ్చినవాటిని నెల తర్వాతకి, రెండు నెలల తర్వాతకి తోసేసేది. మీకిదంతా నేను చెప్పక్కర్లేదు, మనిషి ఎంత త్వరగా మర్చిపోతాడో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన 1885లోనే రాసాడని, సరిగ్గా మర్చిపోబోయే ముందు గుర్తు చేయడమే మా యాప్ పని అని ఆ మీటింగ్‌లో ఫౌండర్ గారే చెప్పారు. నేను నమ్మాను.

మార్చి 14న అప్‌డేట్ వచ్చింది. మర్నాడు పొద్దున యాప్ తెరిస్తే 1,140 కార్డులూ కొత్తవి అని చూపిస్తోంది, అమెరికా మొదటి ప్రెసిడెంట్ ఎవరు అని నన్ను అడుగుతోంది. ఏడు నెలల్లో నాకేది వచ్చు, ఏది రాదు అని అది తెలుసుకున్నదంతా పోయింది. రోజుకి 20 కొత్త కార్డులు, అంటే ఒక రౌండ్ తిరగడానికే 57 రోజులు. నా పరీక్ష ఏప్రిల్ 4, ఉన్నది మూడు వారాలు.

సరే, తప్పులు ఎవరికైనా జరుగుతాయి, నేను ఆ రోజు కోపం కూడా తెచ్చుకోలేదు. మర్యాదగా మెయిల్ రాసాను. యాప్‌లో దాచిన తాత్కాలిక డేటా (క్యాష్) క్లియర్ చేసి లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అవ్వండి అని రిప్లై వచ్చింది, ఆ పని చేసే మీకు రాసాను అని మొదటి లైన్‌లోనే ఉంది. అయినా మళ్ళీ చేసాను, అదే చెప్పాను. రెండోసారి ఇంకొకరు, పాత షెడ్యూల్ స్క్రీన్‌షాట్ పంపండి అన్నారు. పోతుందని ముందే తెలిస్తే కదండీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకునేది. లేదు అన్నాను, రెండ్రోజులకి టికెట్ క్లోజ్ అయింది, సమాచారం అందలేదట.

తర్వాత చాట్. నలభై నిమిషాలు లైన్లో ఉన్నా, పిల్లాడికి అన్నం పెడుతూ ఒక చేత్తో టైప్ చేసా. ఆ ఒక్క చాట్‌లో ముగ్గురు మారారు, వచ్చిన ప్రతివాళ్ళూ మీ సమస్య ఏంటో చెప్పగలరా మేడమ్ అని మొదటినుంచి అడిగారు, పైన అంతా రాసే ఉంది, కాస్త పైకి జరిపి చూడండి అని బతిమాలాను. మూడో ఆయన ఉన్నట్టుండి చాట్ ముగించేసారు.

రాత్రి 12 గంటలకి ఫోన్. ఇక్కడ అర్ధరాత్రి అని చూసుకోలేదు, పిల్లలు లేచి ఏడుపు. మాట్లాడినబ్బాయి చిన్నవాడు, నేను అతన్ని ఏమీ అనను, అతనికి ఎవరూ ఏమీ నేర్పలేదని తెలుస్తూనే ఉంది. "కార్డులు అన్నీ ఉన్నాయి కదా మేడమ్, ఇంక ప్రాబ్లం ఏముంది" అన్నాడు. వంటింట్లో నేలమీద కూర్చుని పావుగంట చెప్పాను బాబూ, పోయింది కార్డులు కాదు, నా చదువు ఎంతవరకు వచ్చిందో ఆ లెక్క పోయింది అని. సీనియర్ గారికి పంపిస్తా, 48 గంటల్లో కాల్ వస్తుంది అన్నాడు. ఆ 48 గంటల మాట నాకు మొత్తం మూడుసార్లు చెప్పారు, ఆ సీనియర్ గారు ఇప్పటిదాకా ఫోన్ చేయలేదు.

అయిదో మెయిల్‌కి వచ్చిన జవాబు డియర్ సర్ అని మొదలై, మీ పేమెంట్ ఫెయిల్ అయింది అని ఉంది. ఎవరి జవాబో నాకు పంపారు. అది చూసి నిజంగా ఏడుపొచ్చిందండి. అంటే నేను రాసింది అసలు తెరవనే లేదు.

ఈలోపు నేను ఊరుకోలేదు, రాత్రుళ్ళు కూర్చుని నాకు కష్టంగా ఉన్నవి ఏవో గుర్తు చేసుకుని కాగితం ముక్కల మీద రాసుకున్నా. అయిదు చెప్పుల డబ్బాలు పెట్టి, వచ్చినవి తర్వాతి డబ్బాలోకి, రానివి మళ్ళీ మొదటి డబ్బాలోకి, వెనకటికి లైట్నర్ అనే ఆయన చెప్పిన పద్ధతిలో. మూడొందలు రాయగలిగా. పరీక్ష రాసాను, 48 వచ్చింది. రెండు మార్కులు. అదే పరీక్ష మళ్ళీ రాయాలంటే మూడు నెలలు ఆగాలి, ఈ ఆగస్టుకి యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవుదామనుకున్నది ఇప్పుడు అనుమానమే. ఆ 48 మీవల్లే అని నేను అనట్లేదు, బాగా చదివుంటే 60 వచ్చేది. కానీ పరీక్ష రాసి పార్కింగ్‌లోకొచ్చి ఫోన్ ఆన్ చేస్తే మొదట కనిపించింది మీ మెయిల్. మీ సమస్య పరిష్కారమైంది, మా సర్వీస్‌కి ఎన్ని స్టార్లు ఇస్తారు అని. ఆ మెయిల్ నేను మర్చిపోలేను.

మీ యాప్‌కి మొదట్లో మంచి రివ్యూ రాసినవాళ్ళలో నేనొకదాన్ని. మా ఊళ్ళో తెలుగు ఆడవాళ్ళ గ్రూపులో నా మాట మీద 11 మంది చేరారు, అందులో ఇద్దరు నర్సింగ్‌కి చదువుతున్నారు. విజయవాడలో మా చెల్లి గ్రూప్స్‌కి చదివేది మీ యాప్‌లోనే, నేనే కొనిపెట్టా. వాళ్ళంతా ఇప్పుడు నన్నడుగుతున్నారు అక్కా మావి కూడా పోతాయా అని. ఏం చెప్పమంటారు?

మార్చి 14కి ముందు బ్యాకప్ మీ దగ్గర ఉందా లేదా, ఆ ఒక్క ముక్క ఎవరైనా చూసి చెప్పండి. ఉంటే నా లెక్క నాకు తిరిగి పెట్టండి, జూలైలో మళ్ళీ రాయాలి. లేకపోతే లేదు అని రాసి పంపండి, రెండేళ్ళ డబ్బు వెనక్కి ఇవ్వండి. డబ్బు కోసం రాయలేదు ఇది, కానీ ఇక ఊరికే వదలను. వచ్చే శుక్రవారంలోపు మనిషి మాట్లాడకపోతే బ్యాంకులో డిస్ప్యూట్ వేస్తా, మా చెల్లి కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కన్స్యూమర్ కంప్లైంట్ పెడుతుంది, ఆ 11 మందికి ఈ లేఖ ఉన్నదున్నట్టు పంపిస్తా, నా రివ్యూ కూడా మారుస్తా.

ఫోన్ చేసేవాళ్ళు మా పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 2 లోపు చేయండి, అంటే మీకు రాత్రి ఏడున్నర నుంచి పన్నెండున్నర. నా ఆరు టికెట్లూ ముందు చదివి, ఆ తర్వాత చేయండి.

ఇట్లు,
రెండేళ్ళుగా మీ కస్టమర్,
ఇర్వింగ్, టెక్సస్