మొరిగే జింక పిల్లను ఎత్తుకురాకండి

సంపాదకునికి,

అడవిలో ఒంటరిగా పడుకున్న మొరిగే జింక పిల్లను చూసి, తల్లి వదిలేసిందనుకుని ఇంటికి తెచ్చేవారికి మీ పత్రిక ద్వారా విన్నపం. దయచేసి ముట్టుకోకండి. ఈ జింక మందలో తిరగదు. దాదాపు ఏడు నెలలు మోసి సాధారణంగా ఒక్క పిల్లనే ఈని, దాన్ని పొదలో దాచి మేతకు పోతుంది, పాలివ్వడానికి తిరిగొస్తుంది. ఒంటినిండా మచ్చలతో కదలకుండా ఉండడమే ఆ పిల్లకు రక్షణ. కుక్కల్ని వెనక్కి పిలిచి వెంటనే దూరం జరగండి. పక్కనే కాపు కాస్తే తల్లి దగ్గరికి రాదు. గాయమో, ఈగలు ముసరడమో కనిపిస్తే చోటు గుర్తుపెట్టుకుని అటవీ సిబ్బందికి చెప్పండి. ఆవుపాలు పట్టకండి, విరేచనాలతో ప్రాణం మీదికి వస్తుంది.

ఊళ్లోకి వచ్చిన పెద్ద జింకనైనా తరిమి పట్టుకోవద్దు. భయంతో పెనుగులాడితే కండరాలు దెబ్బతిని, వదిలేశాక కూడా చనిపోవచ్చు. బరువు 20-28 కిలోలే అయినా, మగదానికి పైదవడలో 2-4 సెంటీమీటర్ల కోరలుంటాయి. పొట్టి కొమ్ముల కన్నా వాటితోనే గట్టిగా చీలుస్తుంది.

చౌసింగాతో, అంటే నాలుగు కొమ్ముల జింకతో, దీన్ని పొరబడేవారు చాలామంది. చౌసింగా కొమ్ములు ఎప్పటికీ రాలవు. మొరిగే జింకవి ఏటా రాలి, వెంట్రుకలు కప్పిన పొడవాటి ఎముక మొదళ్ల మీద మళ్లీ మొలుస్తాయి. ఆ మొదళ్ల నుంచి ముఖం మీదికి నల్లటి గీతలు దిగుతాయి. కుక్కలా అదే పనిగా, ఒక్కోసారి గంటకు పైగా మొరిగిందంటే దగ్గర్లో పులో చిరుతో ఉందని అనుమానించాలి. పశువులు మేపేవారు ఆ వైపు వెళ్లకపోవడం మేలు.

ఇట్లు,
ఒక పాఠకుడు