‘తేడా’ అని మనిషిని పిలవవద్దు

సంపాదకులు గారికి నమస్కారాలు.

గత వారం బ్రాడీపేటలో ఒక ట్యూషన్ సెంటరు ముందు ఎనిమిదో తరగతి కుర్రవాణ్ని చూసి తోటి పిల్లలు ‘అదిగో, తేడాగాడు వచ్చాడ్రా’ అని నవ్వారు. అతని గొంతు కాస్త సన్నగా ఉండటమే కారణం. అతను పుస్తకాల సంచీని గుండెలకు హత్తుకుని రోడ్డు దాటి, వాళ్లంతా లోపలికి వెళ్లేదాకా కిళ్లీకొట్టు పక్కన నిలబడ్డాడు. ముప్పయ్యేళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ని కనుక ఆ మాట నన్ను వదలడం లేదు.

మన మిర్చి యార్డులో రెండు టిక్కీల (మిర్చి బస్తాల) రంగులో తేడా ఉందంటారు, కాటాలో తేడా వచ్చిందంటారు. ఎక్కడ వాడినా ఆ మాటకు రెండు వైపులు ఉండి తీరాలి. నీకూ అతనికీ తేడా ఉందంటే, అతను నీకెంత దూరమో నువ్వూ అతనికంతే దూరం. ఇద్దరి మధ్య ఉండవలసిన మాటను ఒక్కడికే పేరుగా తగిలించడం అన్యాయం, భాష ప్రకారం అర్థం లేని పని కూడా. ‘ఏదో తేడాగా ఉంది’ అంటూ లోపమనే అర్థంలో వాడీ వాడీ, చివరికి ఆ లోపాన్ని మనుషులకు అంటగట్టాం.

తేడాకు బదులు వాడే మాటలూ చూద్దాం. ‘భేదం’ చీల్చడమనే అర్థమున్న ‘భిద్’ ధాతువు నుంచి వచ్చింది. ‘వ్యత్యాసం’ అంటే సంస్కృతంలో తారుమారు. మన అచ్చతెలుగు మాట ‘వేఱు’. చెట్టు వేరుకు మామూలు రకారం, విడి అనే అర్థానికి బండి ఱ ఉండేవి. తమిళులు ఈ రెంటినీ నేటికీ వేర్వేరు అక్షరాలతోనే రాస్తారు. బండి ఱ వాడుక తప్పాక మనకు రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి. ఈ మాటలో నింద లేదు. వేరు కాపురం పెట్టిన కొడుకును లోపమున్నవాడని ఎవరూ అనరు కదా.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను సుప్రీంకోర్టు 2014లోనే మూడో జెండర్‌గా గుర్తించింది. 2019 నాటి చట్టం వారిని మాటలతో హింసించడాన్నీ నేరంగా పేర్కొంది. ఆ కుర్రవాడు ఎవరో, రేపు ఏమవుతాడో తేల్చే పని మనది కాదు. పత్రికలు సినిమా పేజీల్లో, కార్టూన్లలో మనుషుల గురించి ఈ మాట వాడకూడదని నియమం పెట్టుకోవాలని కోరుతున్నాను. తరగతిలో ఒక పిల్లవాడు ఇంకొకణ్ని ‘తేడా’ అన్నప్పుడు, ‘ఎవరికీ ఎవరికీ మధ్య?’ అని తెలుగు మాస్టారు అక్కడికక్కడే అడగాలి.

– విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, గుంటూరు