వెల్ష్‌నూ క్రొయేషియన్‌నూ ఒకే గాటన కడితే ఎలా?

సంపాదకుల వారికి,

మొన్నటి ఆదివారం అనుబంధంలో బ్రిటన్‌లో భాగమైన వేల్స్ వాళ్ల వెల్ష్‌నూ, క్రొయేషియా దేశపు క్రొయేషియన్‌నూ పోలుస్తూ మీరు వేసిన వ్యాసం చదివాను. ఎవరైనా భాషాశాస్త్రం మాస్టారు జవాబు రాస్తారులే అని ఊరుకున్నాను. తీరా చూస్తే ఉత్తరాల శీర్షికలో అన్నీ మెచ్చుకోళ్లే. ఇక కలం తీయక తప్పలేదు.

ముందు ఆ వ్యాసానికి పెట్టిన ఫొటో సంగతి. వెల్ష్ అనగానే ఆ కొండవీటి చేంతాడంత ఊరిపేరు బోర్డు వేయకపోతే పత్రికలకు పొద్దు గడవదా? అది 19వ శతాబ్దంలో రైలు ప్రయాణికులు దిగి చూస్తారని కావాలని సాగదీసిన పేరు. పైగా కింద '58 అక్షరాలు' అని అచ్చేశారు. వెల్ష్ లెక్కలో రెండు ఎల్‌లు కలిస్తే ఒక్క అక్షరం, సి పక్కన హెచ్ చేరితే ఒక్క అక్షరం. ఆ లెక్కన 51. క్రొయేషియన్‌లోనూ ఎల్ పక్కన జె, ఎన్ పక్కన జె వస్తే ఒక్కో అక్షరమే. రెండు భాషలకూ నిజంగా ఉన్న పోలికల్లో ఇదొకటి. వ్యాసకర్తకు అదొక్కటే కనబడలేదు.

'అచ్చుల్లేని భాషలు' అట! వెల్ష్‌లో డబ్ల్యూ, వై కూడా అచ్చులుగా పనిచేస్తాయని తెలియనివాళ్లు అనే మాట ఇది. ఇక క్రొయేషియన్ గురించి తెలుగు పత్రిక ఆ మాట అనడం మరీ విడ్డూరం. వాళ్ల రకారం అచ్చులా నిలబడగలదు, మన ఋకారం లాగే. 'కృక్' అని ఒక దీవి ఉంది. పిల్లల నాలుక తిప్పడానికి వాళ్లు చెప్పించే మాట 'నా వృహు బృదా వృబా మృదా'. కొండ కొమ్మున చెట్టు ఊగుతోందని అర్థం. ఇంగ్లిష్‌వాడు చూసి గుడ్లు తేలేస్తే తేలేయనీ, వట్రసుడి ఉన్న మనం ఎందుకు తేలేయాలి? ఇంగ్లిష్ పత్రికలో వచ్చిన ఎగతాళిని యథాతథంగా దించుకుంటే ఇలాగే ఉంటుంది.

వెల్ష్‌లో 'మాట మొదలే మారిపోయే వింత' గురించి ఒక పేరా నిండా ఆశ్చర్యపోయారు. వేల్స్ రాజధాని కార్డిఫ్‌ను వాళ్లు కైర్‌దీద్ అంటారు. 'కార్డిఫ్‌కు' అనాలంటే 'ఇ గైర్‌దీద్'. కకారం గకారమైంది, అంతే. వాడు కొట్టె, వాడుగొట్టె అని గసడదవాదేశ సంధి చదువుకున్న దేశంలో ఇదా వింత? మీ డెస్కులో ఉన్న కుర్రవాళ్లకు ఆ సంధి పేరైనా తెలుసో లేదో. ఒకప్పుడు పత్రికల్లో ప్రూఫు దిద్దేవాళ్లు మాకు వ్యాకరణం నేర్పేవారు.

అసలు బాధ ఇవేవీ కావు. 'రెండు చిన్న భాషలు, ఒకే రకం కష్టాలు' అని తేల్చేశారే, అదీ నా అభ్యంతరం. 1847ను తీసుకోండి. ఆ ఏడాది అక్టోబరు 23న జాగ్రెబ్‌లో క్రొయేషియా చట్టసభ, అంతదాకా లాటిన్‌లో నడిచిన సభ, క్రొయేషియన్‌ను అధికార భాష చేసుకుంది. అంతకు నాలుగేళ్ల ముందు రచయిత కుకుల్యెవిచ్ ఆ సభలో మొదటిసారి సొంత భాషలో ప్రసంగించాడు. అదే 1847లో వెల్ష్ రాని ముగ్గురు ఇంగ్లిష్ అధికారులు వేల్స్ బడులను పరిశీలించి, ఆ జనం వెనకబాటుకూ నీతిలేనితనానికీ వాళ్ల భాష అడ్డంకి అని నివేదిక ఇచ్చారు. నీలి అట్టలతో వచ్చిన ఆ నివేదికను వేల్స్‌లో 'నీలి పుస్తకాల ద్రోహం' అని ఇప్పటికీ తిట్టుకుంటారు. 1536 నుంచీ కోర్టుల్లో పనికిరాకుండా చేసిన భాష మీద ఆ తీర్పొకటి!

మళ్లీ 1967 చూడండి. అప్పటికి క్రొయేషియా యుగోస్లావియాలో ఉంది. ఆ మార్చిలో క్రొయేషియన్ రచయితలు, పండితులు సెర్బియన్‌తో కలిపి ఒకే భాషగా లెక్కేసిన తమ భాషకు తన పేరూ తన హోదా కావాలని ప్రకటన చేశారు. సంతకం పెట్టిన క్ర్లెజా అంతటి రచయిత పాలక కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీని వదులుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది బ్రిటన్ పార్లమెంటు కోర్టుల్లో వెల్ష్ మాట్లాడుకోవచ్చని చట్టం చేసింది. క్రొయేషియాలో గొడవ ఇంటిల్లిపాదీ మాట్లాడే భాషకు ఏ పేరు పెట్టాలని. వేల్స్‌లో గొడవ ఇంట్లో మాట్లాడేవాళ్లు మిగులుతారా అని. రెండూ ఒకటెలా అవుతాయి? క్రొయేషియన్‌కు దేశముంది, 2013 నుంచి యూరోపియన్ యూనియన్‌లో కుర్చీ ఉంది. వెల్ష్ వచ్చినవాళ్లు వేల్స్‌లో 2021 లెక్కల ప్రకారం 5 లక్షల 38 వేలు, నూటికి 18 మంది కూడా లేరు. వాళ్లకో టీవీ ఛానెల్ రావడానికి గ్విన్‌ఫర్ ఎవాన్స్ అనే పెద్దాయన ఆమరణ దీక్షకు కూర్చుంటానని బెదిరించాల్సి వచ్చింది. దీక్షల సంగతి మనకు చెప్పక్కర్లేదు.

బళ్లో వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్క ముక్క వేలాడదీసేవారని మీ వ్యాసం 'ఆనాటి అనాగరికత'గా రాసింది. ఆనాటిదా? 2009లో మైదుకూరులో తెలుగు మాట్లాడారని పిల్లల మెడలో పలకలు వేసిన ఫొటోలు పత్రికల్లోనే వచ్చాయి. ఆ ఒక్క వాక్యం చేర్చడానికి చోటు లేకపోయింది గానీ, ఊరిపేరు బోర్డుకు అరపేజీ దొరికింది.

అధికారుల తీరు మాత్రం ఎక్కడైనా ఒక్కటే. 2008లో వేల్స్‌లోని స్వాన్‌సీ నగరంలో రోడ్డు బోర్డుకు వెల్ష్ కావాలని అనువాదకుడికి మెయిల్ పంపితే, 'నేను ఆఫీసులో లేను' అని తిరిగొచ్చిన జవాబునే అనువాదమనుకుని బోర్డు మీద రాయించారు. మనం నవ్వుకోవడానికి వీల్లేదు. వాళ్లు కనీసం అనువాదకుణ్ని అడిగారు. మా ఊరి బోర్డుల మీద తెలుగు చూస్తే ఎవర్ని అడిగి రాశారో ఎవరూ చెప్పలేరు. 1966లో అధికార భాషా చట్టం చేసుకున్న రాష్ట్రంలో, తెలుగు అమలు చేయండన్న ఉత్తర్వు ఇంగ్లిష్‌లో వచ్చినా ఆశ్చర్యపోయేవాళ్లు లేరు.

వచ్చే ఆదివారం 58ని 51గా దిద్ది, 'అచ్చుల్లేని' అన్న మాటకు సవరణ వేయండి. ఎప్పటిలాగా ఎనిమిదో పేజీ అడుగున కాకుండా, వ్యాసం వేసిన చోటే వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు పండితుడు,
తెనాలి