మొరం లేకుండా బిల్లు వద్దు సార్: రోడ్ల ఇంజినీరు గారికి బహిరంగ లేఖ

వరంగల్ జిల్లా రోడ్లు చూసే ఇంజినీరు గారికి నమస్కారం.

పల్లె రోడ్డుకు కొత్త తారు పడితే అందరికీ సంతోషమే. కానీ పొర మీద పొర వేసినప్పుడల్లా రోడ్డు ఎత్తు పెరుగుతుంది, పక్కన ఉండే మట్టి అంచు, అంటే బర్మ్, మాత్రం అక్కడే ఉంటుంది. నల్లరేగడి నేలల్లో వానకు అది ఇంకా కోసుకుపోతుంది. నర్సంపేట వైపు పత్తి ట్రాక్టర్ ఎదురైతే కిందికి దిగక తప్పదు.

మళ్లీ ఎక్కేటప్పుడే అసలు టెన్షన్. నిట్టనిలువు తారు అంచుకు టైరు పక్క భాగం రాసుకుంటుంది, పైకి రాదు. డ్రైవరు స్టీరింగ్ ఇంకాస్త తిప్పుతాడు. టైరు ఒక్కసారిగా ఎక్కేసరికి బండి రోడ్డు దాటి ఎదుటి వాహనం మీదికి పోతుంది. ఆ తర్వాత కారణం అడిగితే అందరూ ‘అతివేగం’ అనేస్తారు, అది వేరే సంగతి.

అమెరికాలో తారు అంచును 30 డిగ్రీల వాలుగా నొక్కి వేసే పద్ధతి ఉంది. తారు పరిచే యంత్రానికి (పేవర్‌కు) ఒక పరికరం బిగిస్తే చాలు. టైరు మెల్లగా పైకి వస్తుంది, అంచు కూడా తొందరగా విరగదు. అలాగని బర్మ్ మీద మొరం (గరుసు మట్టి) పోసి రోలర్ తొక్కించడం మానకూడదు. తారు ఎస్టిమేట్‌లోనే రెండూ రాయించండి. బర్మ్ సమం కాకుండా ఫైనల్ బిల్లు పాస్ చేయకండి. మలుపుల దగ్గర మొదలుపెడితే మేలు.

ఇట్లు,
రోజూ ఆ దారిన తిరిగే బైకు మనిషి