సుగ్గికి పోయిన ఇళ్ల పిల్లలు: వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

ఆదోని డివిజన్‌లో ప్రభుత్వ ఉపాధ్యాయురాలినైన నేను నమస్కరించి రాయునది. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో పిల్లల కోసం సైకోడైనమిక్ థెరపీలో (మాట, ఆట ద్వారా మనసులో అణిగిన బాధను అర్థం చేసుకునే మానసిక చికిత్సలో) శిక్షణ పొంది, తెలుగులో మాట్లాడే నిపుణులను నియమించాలనీ, వారు వారానికొకసారి ఆదోని ఏరియా ఆసుపత్రికి వచ్చే ఏర్పాటు చేయాలనీ నా విన్నపం.

కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు గుంటూరు ప్రాంతానికి మిరప కోతలకు సుగ్గికి, అంటే పంటకాలపు కూలి వలసకు, పోతాయి; పిల్లలు అవ్వల దగ్గరో, సీజనల్ హాస్టళ్లలోనో ఉండిపోతారు. మా ఏడో తరగతి పిల్లవాడొకడికి అమ్మానాన్నలు లారీ ఎక్కిన వారం నుంచే కడుపునొప్పి మొదలైంది. స్కానింగ్‌లో ఏమీ కనపడలేదు, టానిక్ సీసా ఇచ్చి పంపారు. ప్రార్థన వేళ పొట్ట పట్టుకుని గేటు వైపే చూస్తూ నిలబడతాడు. అమ్మ ఫోన్ చేస్తే మాత్రం ‘బాగున్నా’ అన్న ఒక్క మాటే.

ధైర్యం చెప్పేవాళ్లం వాడికి చాలామందిమి ఉన్నాం. వాడు చెప్పలేనిదాన్ని ఆటలోనూ బొమ్మలోనూ మౌనంలోనూ పట్టుకోగలిగినవారు కావాలి. ఈ చికిత్సలో వారం వారం అదే రోజున, అదే గదిలో, అదే మనిషి పిల్లవాడి కోసం ఉంటారు. ఆ మనిషి సెలవు పెట్టినప్పుడు వచ్చే కోపమూ దిగులూ కూడా చికిత్సలోకే వస్తాయి. పెద్దలు వెళ్లిపోవడమే గాయమైన పిల్లలకు ఇది ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

దీని ఫలితాలను పెంచి చెప్పను. ఇంగ్లండ్‌లో తీవ్రమైన డిప్రెషన్‌తో బాధపడుతున్న 465 మంది కౌమారులపై జరిగి 2017లో వెలువడిన ఇంపాక్ట్ అధ్యయనంలో ఇదే కోవకు చెందిన 28 సెషన్ల సైకోఅనలిటిక్ థెరపీ, ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, 12 సెషన్ల క్లుప్త చికిత్స మూడింటి ఫలితాలూ దాదాపు సమానంగా ఉన్నాయి. చికిత్స ముగిసిన ఏడాదికి లక్షణాలు సగటున సగానికి తగ్గాయి. చికిత్స అందని బృందం అందులో లేదు కాబట్టి ఆ మెరుగంతా చికిత్స వల్లనేనని అనలేం. లండన్, ఏథెన్స్, హెల్సింకిలలో 72 మంది పిల్లలపై జరిగి 2007లో వెలువడిన మరో అధ్యయనంలో చికిత్స ఆగిన తరువాత కూడా మెరుగు కొనసాగడం నాకు ముఖ్యంగా తోచింది. దిగులు, భయాలున్న పిల్లలకు ఈ పద్ధతి బాగా పనిచేస్తుందనీ, దుడుకు ప్రవర్తన ఉన్నవారికి అంతగా పనిచేయదనీ పాత రికార్డుల పరిశీలనలోనూ తేలింది. అలాంటి పిల్లల తల్లిదండ్రులకు వేరే శిక్షణ అవసరం.

వారానికొకటి చొప్పున పన్నెండు సెషన్లు ఒక సుగ్గి కాలంలో పూర్తవుతాయి. కనుక మొదట క్లుప్త పద్ధతితో ప్రారంభించి, చాలని పిల్లలకే దీర్ఘ చికిత్స ఇవ్వవచ్చు. తల్లిదండ్రులు ఊళ్లో ఉండరు గనుక అవ్వతో మాట్లాడటానికి కూడా సమయం కేటాయించాలి. జాతీయ స్థాయిలో 1996లో కొన్ని జిల్లాలతో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా మా పొరుగునే ఉన్న బళ్లారి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పిల్లలకు ప్రత్యేక సేవలు ఉండాలని స్పష్టంగా చెబుతోంది.

వచ్చే దీపావళి తరువాత లారీలు మళ్లీ బయలుదేరుతాయి. ఆలోపు నియామకాలకు ఉత్తర్వులు ఇప్పించి, చికిత్సకు ముందూ తరువాతా ప్రతి పిల్లవాడి స్థితినీ నమోదు చేసే ఏర్పాటు చేయించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఉపాధ్యాయురాలు,
ఆదోని డివిజన్, కర్నూలు జిల్లా