తాగుడు మాన్పించే ఖర్చు దండగా?

సంపాదకులకు,

పోయిన వారం మీ పేపర్లో సైనికుల చేత తాగుడు మాన్పించే వైద్యం (డీఅడిక్షన్) ఖర్చు మీద వచ్చిన వార్త చదివినప్పటి నుంచి ఒళ్లు మండిపోతోంది. ప్రజల సొమ్ముతో తాగుబోతులకు వైద్యమా అని అడిగారు ఒకాయన. హలసూరు చెరువు పక్కన సైన్యంలోని ఇంజనీరింగ్ దళమైన మద్రాస్ సాపర్స్ సెంటర్‌లో మన తెలుగు కుర్రాళ్లకు వంతెనలు కట్టడం, మందుపాతరలు తీయడం నేర్పేది కూడా ప్రజల సొమ్ముతోనే కదా. అలా తయారైన మనిషిని కొన్ని వారాలు ఆస్పత్రిలో ఉంచి నిలబెట్టుకోవడం దండగ ఎలా అవుతుంది?

మా ఆయన మిలటరీలో హవల్దారుగా చేశారు. ఆఖర్లో పొద్దున్నే టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా సగం లుంగీ మీదే ఒలికేది. డాక్టరుకు చెబుదామంటే మెడికల్ కేటగిరీ, అంటే ఆరోగ్యాన్ని బట్టి సైన్యం ఇచ్చే గ్రేడు, తగ్గిస్తారు, ప్రమోషన్ పోతుందని నా నోరు మూయించేవారు. ఆ భయం వట్టిదేమీ కాదు. తాగుడు వల్ల వచ్చిన వైకల్యానికి డిసెబిలిటీ పెన్షన్ రాదు, అది మనిషి అదుపులో ఉన్న విషయమని రూల్స్‌లోనే రాశారు. 1950 ఆర్మీ యాక్ట్ 48వ సెక్షన్ ప్రకారం మత్తులో ఉండటమే నేరం. మరి అదే మనిషికి మిలటరీ క్యాంటీన్ కార్డు మీద నెలనెలా బయటికంటే చవగ్గా సీసాలు ఇస్తున్నది ఎవరండీ?

ఇంట్లోనే మాన్పిద్దామని ఉన్నట్టుండి ఆపిస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చని, ప్రాణం మీదికే రావచ్చని మాకు ఒక్కరూ చెప్పలేదు. ఆయన గోడ మీద లేని చీమల్ని ఏరుతుంటే పిల్లలు హడలిపోయారు. ఆస్పత్రిలో మందులు, విటమిన్ బి1 ఇంజెక్షన్లు ఇచ్చి, తర్వాత కౌన్సెలింగ్‌లో నన్నూ కూర్చోబెట్టాకే మనిషి మనిషయ్యారు. అందరూ ఒక్కసారికే మానరు, నిజమే, మళ్లీ చేర్చాల్సి వస్తుంది. షుగరు మళ్లీ పెరిగిందని మందులు ఆపేస్తామా?

ఇక రిటైరైనవాళ్ల గోడు వేరే. ఆస్పత్రికి పంపే రిఫరల్ చీటీ కోసం ఈ కౌంటరు నుంచి ఆ కౌంటరుకు తిప్పుతారు, హిందీ రాని ఆడమనిషి వెళితే కసురుకుంటారు. మునుపు సుబేదారు గారి భార్య క్వార్టర్స్‌కు వచ్చి ఇంట్లో అంతా బాగుందా అని అడిగేది, ఇప్పుడు ఎవరికీ ఎవరూ పట్టరు.

క్యాంటీన్ మద్యం కౌంటరు దగ్గర డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 నంబరు పెద్ద అక్షరాలతో రాసి కట్టించమనండి. తనంతట తానే వచ్చి వైద్యం అడిగిన జవానుకు కేటగిరీ పడకముందు కోలుకునేంత గడువు ఇవ్వమనండి. మీరు రాస్తే అధికారులు చదువుతారు, మేం అడిగితే ఫైలు కూడా తెరవరు.

ఒక మాజీ హవల్దారు భార్య,
రామమూర్తి నగర్, బెంగళూరు