ఆర్టీసీ బస్సులోనే హైదరాబాద్ ట్రిప్

తల్లిదండ్రులందరికీ నమస్తే,

ఏడు, ఎనిమిది క్లాసుల హైదరాబాద్ ట్రిప్‌కి ప్రైవేట్ బస్సు ఎందుకు మాట్లాడలేదు, వాటర్ పార్క్ ఎందుకు లేదు అని కొందరు ఫోన్ చేసి అడుగుతున్నారు. బస్సు కిరాయి, పార్క్ టికెట్, హోటల్ భోజనం అన్నీ కలిపి తలకి ఎంతైతదో చెప్పగానే ప్రతిసారీ కొందరు పిల్లలకి సరిగ్గా ఆ రోజే జ్వరం వస్తది, ఆ జ్వరం ఏంటో మీకూ తెలుసు నాకూ తెలుసు. అందుకే ఈసారి జనగామ బస్టాండ్ నుంచి ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లోనే పోతున్నాం, తలకి 200, అంతే.

ఆడపిల్లలకి మహాలక్ష్మి పథకం కింద బస్సు ఫ్రీ కదా, మరి మాకెందుకు 200 అంటారేమో. నిజమే, కానీ అందరి పైసలు ఒక్కదగ్గర వేసి అందులోంచే మగపిల్లల చార్జీలు, సాయంత్రం టీ బిస్కెట్లు చూస్తున్నాం. ఇది కొందరికి నచ్చకపోవచ్చు, నాకైతే ఇదే సరి అనిపించింది. అసలు కట్టలేని వాళ్లు నా రూముకి వచ్చి ఒక్క మాట చెప్పండి చాలు. అమ్మాయిల ఆధార్ మాత్రం ఒరిజినలే కవర్లో పెట్టి క్లాస్ టీచర్‌కి ఇవ్వండి, జీరో టికెట్ కొట్టేటప్పుడు కండక్టర్ అడుగుతాడు. డీలక్స్ ఖాళీగా వచ్చినా ఎక్కం, అందులో ఫ్రీ లేదు.

పొద్దున 7 కల్లా బస్టాండ్‌లో ఉండాలి. హైదరాబాద్ పెద్ద బస్టాండ్ ఎంజీబీఎస్‌లో దిగితే సాలార్‌జంగ్ మ్యూజియం నడిచేంత దూరమే, ఆటోలు అక్కర్లేదు. దారిలో మూసీ కనబడ్తది కాబట్టి 1908 వరద సంగతి, తర్వాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఎందుకు కట్టారో సోషల్ టీచర్ అక్కడే నిలబెట్టి చెప్తారు, పుస్తకంలో చదివిన దానికంటే బాగా ఎక్కుతది. మ్యూజియంలో గంట గంటకీ గడియారంలోంచి చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది, 12 గంటలప్పుడైతే పన్నెండు సార్లు, అది చూడ్డానికి జనం ముందే వచ్చి కూర్చుంటారు కాబట్టి మనం 11:30 కే అక్కడుండాలి. శుక్రవారం మ్యూజియం సెలవు, ఆదివారం తొక్కిసలాట, అందుకే గురువారం పెట్టుకున్నాం.

సద్ది ఇంటి నుంచే. పులిహోర అయితే మంచిది, పెరుగన్నం మధ్యాహ్నానికి పులుస్తది. నీళ్ల బాటిల్ పెద్దది పెట్టండి, బయట కొనడం మొదలైతే 200 లెక్క అక్కడే తప్పుతది.

తిన్నాక మదీనా, పత్తర్‌గట్టి మీదుగా నడుచుకుంటూ చార్మినార్. 1591లో కట్టింది, 15 ఏళ్ల లోపు పిల్లలకి టికెట్ లేదు, పైకి మెట్లు ఇరుకు కాబట్టి కొద్దికొద్దిమందిగా ఎక్కిస్తాం. గోల్కొండ కూడా కలపండి అని అడిగారు, అది సరిగ్గా చూడాలంటే దానికే ఒక పూట పడ్తది, ఉరుకులు పరుగులుగా ఆరు చోట్లు తిప్పి ఫోటోలు దింపుకొచ్చే బదులు రెండు చోట్లు నిమ్మళంగా చూడనివ్వండి. లాడ్ బజార్‌లో కాసేపు ఆగుతాం, చేతి ఖర్చుకి 50 మించి ఇవ్వద్దు, గాజులైనా ఏదైనా బేరమాడకుండా కొనొద్దని పిల్లలకి ముందే చెప్పి పంపండి. ఫోన్లు వద్దు.

తిరుగు బస్సు సాయంత్రం 5 దాటాక, జనగామ చేరేసరికి రాత్రి 8 అవుతది, ఎవరో ఒకరు బస్టాండ్‌కి రండి. సంతకం పెట్టిన చీటీ సోమవారం లోపు కావాలి. మర్నాడు శుక్రవారం స్కూల్ మామూలుగానే ఉంటది.

మీ హెడ్మాస్టర్